సుద్దముక్క, కాలు విరిగిన ఏడు

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, షాపు తాళాలు ఇంకా తియ్యలేదేమని నన్ను కేకేసి, అలాగే గోడకి చేరగిలబడింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అయిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది మెకానిక్కులు. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చారు. ఆవిడ ఉంటే ముందు కడుక్కుని రండని తరిమేది.

పెందుర్తి రోడ్డులో మాది పాత కార్ల సామాన్ల షాపు. తాతలనాటి కార్లని ముచ్చటపడి మళ్లీ మొదట్లో ఎలా ఉండేవో అలా నిలబెట్టుకునేవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లందరికీ ఒకటే బెంగ. చేతిలో ఉన్న వస్తువు అప్పట్లో కంపెనీలో తయారైందా, లేక మొన్నెవడో పోతపోసి, ముద్ర కొట్టి అంటగట్టాడా అని. ఆ బెంగ తేల్చేది మా అత్త. ఆవిడ అసలుదంటే అసలుదే. కాదందంటే ఇక ఆ వస్తువు గురించి ఎవరూ గొప్పలు చెప్పుకునేవాళ్లు కాదు. కాస్త గర్వంగానే రాస్తున్నాను. ఆవిడకి లేని వినయం నాకెక్కణ్ణుంచి వస్తుంది?

వస్తువు రాగానే చింతపండు గుజ్జు పట్టించి తుప్పు వదిలించేది. ఆరాక ముద్ర మీద సుద్దముక్క రుద్దేది. గుంటల్లో అంకెలు తెల్లగా తేలేవి. అప్పుడు కళ్లద్దాలు తీసేసి బొటనవేలితో తడిమేది. తరవాత ఆ వేలు చీరకి తుడుచుకునేది, ఎడమ నడుం దగ్గర, ఎప్పుడూ అదే చోట. ఎంత ఉతికినా ఆ తెల్ల మరక పోయేది కాదు. పెళ్లిళ్లకి కట్టుకునే పట్టుచీర మీద కూడా ఉంది. ఇప్పుడందరూ ఫోన్లో ఫొటోలు పంపి అడుగుతారు కదా, ఆవిడ వాటి మొహం చూసేది కాదు. "ఫోన్లో సేప వాసన తెలుత్తాదేటి? అట్టుకు రమ్మను" అనేది.

ఆవిడ పుట్టింది జాలరిపేటలో. పెళ్లికి ముందు వాళ్లమ్మతో కలిసి చేపలమ్మింది. నాకు పని నేర్పింది కూడా ఆ భాషలోనే.

"కొనీటోడు పైన మెరుపు సూత్తాడే. నువ్వు మొప్పలెత్తి సూడు. అంకె అంచు ముట్టుకో. పదునుగుందా, మెత్తగుందా?"

అసలు వస్తువుని అచ్చుకి పెట్టి నకలు పోతపోస్తే, దాని మీది అంకెల అంచులు వాడిన సబ్బుబిళ్లలా మొద్దుబారతాయి. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని వస్తువు కూడా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. ఆ తేడా నా వేలికి అందడానికి చాలా కాలం పట్టింది. అందేదాకా తిట్టింది. అందిన రోజు వంజరం చేపల పులుసు పెట్టి రెండు ముక్కలు నాకే వేసింది.

షాపు పెట్టింది మా మావయ్య. నేను కాపురానికి రాకముందే పోయారు. గోడ మీద ఆయన ఫొటో ఉంది. దాని కింద మేకుకి, ఇనుము మీద అంకె కొట్టే పంచి ఒకటి దారంతో వేలాడుతూ ఉంటుంది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పకపోతే మా అత్త గురించి చెప్పినట్టు కాదు.

ఒకరోజు ఎలమంచిలి నుంచి ఒకాయన వ్యానులో ఇంజన్ వేసుకుని వచ్చాడు. వాళ్ల నాన్న నడిపిన కారు తాలూకు ఇంజనట. రోజులు బాగోక కారు అమ్మేస్తే, కొన్నవాళ్లు ఇంజన్ విడదీసి ఇంకెవరికో ఇచ్చేశారు. కారు బాడీ ఆయనకి ముందే దొరికింది. ఏళ్లతరబడి వెతగ్గా వెతగ్గా ఇప్పుడు ఇంజన్ దొరికింది. నంబరు ఆయనకి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు.

"ఇది మా నాన్న ఇంజనే అని ఒక్క మాట సెప్పమ్మా. అంతే సాలు" అన్నాడు.

అత్త సుద్ద రుద్దింది. తడిమింది. ఆగి మళ్లీ తడిమింది. అలా రెండోసారి తడమడం నేనెప్పుడూ చూడలేదు. లోపలికి వెళ్లి మావయ్య పంచిల పెట్టె తెచ్చి, ఏడు అంకె తీసి, రేకుముక్క మీద పెట్టి సుత్తితో ఒక్కటేసింది. రేకు మీద పడిన ఏడుకి కింద కొస తెగి ఉంది. ఇంజన్ మీది ఏడుకీ అచ్చం అలాగే తెగి ఉంది.

"కంపెనీ నంబరు కాదు బాబూ. మా ఆయన కొట్టిందే" అంది.

మాట మీద నడిచే షాపు మాది. పెట్టిన మనిషే దొంగ నంబరు కొట్టాడని పదిమందిలో చెప్పేసింది. మా ఆయన "అమ్మా, కాస్త మెల్లగా" అన్నారు.

"మెల్లగా సెప్తే అంకె మారతాదేటి?" అంది.

ఎలమంచిలి ఆయన మొహం వాడిపోయింది. అప్పుడు అత్తే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజుల్లో ఇంజన్ పగిలిపోతే వేరే ఇంజన్ తెచ్చి బిగించి, కాగితాలతో తంటా లేకుండా దాని మీద పాత నంబరే కొట్టించుకునేవాళ్లని చెప్పింది.

"తప్పే. అయినా సేసీవోరు. ఈ నంబరే కొట్టమని మీ నాన్న కాక మా ఆయన దగ్గరికి ఇంకెవులొత్తారు సెప్పు? కంపెనీది కాదు గానీ, మీ నాన్న తోలిన బండిదే ఇది."

ఆయన ఇంజన్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. అత్త మాత్రం టీ చెప్పించింది.

ఆ సాయంత్రమే ఆ ఏడు పంచి ఫొటో కిందికి ఎక్కింది. "ఇదేటత్తా, అందరికీ కనబడేలా?" అన్నాను.

"పైవోడి దొంగతనం ఎవులైనా పట్టీగలరే. నువ్వు ముందు మనోడిది గురుతుపట్టు. పట్టింది పైకి సెప్పు. అది సేతనైన్నాడు నా కుర్సీలో కూకో."

పెద్దకర్మ అయిపోయింది. మా ఆయన స్టీల్ ప్లాంట్ డ్యూటీకి వెళ్లిపోయారు. షాపు నేను తెరిచాను. కుర్చీ ఖాళీగా ఉంది, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవేళ వచ్చిన మొదటి బేరం ఒక ఇంజన్. తెచ్చిన మెకానిక్ మాకు పాతవాడే. అసలుదని అప్పటికే తన పార్టీకి చెప్పేసుకున్నాడు.

"నువ్వు ఊఁ అంటే సాలొదినా" అన్నాడు.

చింతపండు పట్టించాను. సుద్ద రుద్దాను. వేలు ఏడు దగ్గరికి వచ్చేసరికి కింద కొస తెగి ఉంది.

రెండోసారి తడమలేదు.

"కంపెనీది కాదన్నయ్యా. మా మావయ్య కొట్టిందే" అన్నాను.

అతను ఫొటోకేసి చూశాడు, నాకేసి చూశాడు, తల ఊపి ఇంజన్ మళ్లీ ఆటోలోకి ఎక్కించుకున్నాడు. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే కనబడింది. ఎడమ నడుం దగ్గర, బొటనవేలంత తెల్ల మరక.