లెక్కల మాస్టారికి ఆరు జీడిచెట్లు

సోంపేట బస్సు దిగి ఇసుకలో చాలాదూరం నడిస్తే గానీ ఆ ఊరు రాదు. అందుకే అక్కడికి లెక్కల మాస్టారంటే చుట్టపుచూపే. మారుమూల బడికి వస్తే సర్కారు జీతం మీద మరికొంత కలిపేది. అది పుచ్చుకున్నవాడు నాలుగు నెలలు తిరక్కుండానే పలాస వైపు బదిలీ కూడా పుచ్చుకునేవాడు. బడి కమిటీలో ఉన్న బొడ్డమ్మకి ఇది చూస్తే ఒళ్లు మండేది. రెండువేల రెండులో ఆ మంట మరీ ఎక్కువైంది. మనవరాలు బిందు ఏడో తరగతికొచ్చింది. పెద్ద పరీక్షలో లెక్కలు తప్పితే ఆ పిల్లని కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టడానికి పంపేస్తానన్నాడు తండ్రి. అన్నంత పనీ చేసే మనిషే.

టెక్కలి నుంచి కొత్తగా వచ్చిన విలియం మాస్టారు ట్రంకుపెట్టె దించకముందే బొడ్డమ్మ బేరం పెట్టేసింది.

“సర్కారిచ్చేది సర్కారిత్తాది బాబూ. మా తోటలో ఆరు సెట్లు నీయి. నువ్వున్నన్నాళ్లూ ఆటి పిక్కలు నువ్వే ఏరుకో.”

ఆమె తెలివికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. మాస్టారు నిజంగానే కదల్లేదు. క్రిస్మస్‌కి ఇంటికెళ్లినవాడు మర్నాడే తిరిగొచ్చేశాడు.

అయితే జీడి కాపుకీ పిల్లల పరీక్షలకీ ఒకటే కాలమని, జీడితోటల ఉద్దానంలో పుట్టి పెరిగిన బొడ్డమ్మకే తోచలేదు. మార్చి వచ్చింది, పిక్కలు రాలాయి. కాపలా లేని పిక్క ఎవరి గోనెలోకి పోతుందో దేవుడికే తెలియాలి. బడి గంట కొట్టేవేళకి మాస్టారు తోటలో ఉండేవాడు.

చెట్లు వెనక్కి అడిగితే మనిషి పోతాడు. అడక్కపోతే పరీక్ష పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి బొడ్డమ్మ చేతికర్ర పట్టుకుని తోటకెళ్లింది.

“నీ సెట్లు నాను కాత్తాను. నా గుంట బిందుని నువ్వు సూసుకో.”

మాస్టారు సిగ్గుపడి బడికి పోయాడు. మాస్టార్ని కట్టేద్దామని పాతిన గుంజకి ముసల్దే కట్టుబడిందని ఊరు నవ్వింది. బొడ్డమ్మ అందర్నీ తిట్టింది గానీ తోట వదల్లేదు.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం మాస్టారు తోటకొచ్చాడు.

“అమ్మా, ఈ చెట్లు మీరే తీసేసుకోండి.”

బొడ్డమ్మ చేతికర్ర ఊతంగా లేచి నిలబడింది.

“బదిలీ వచ్చిందేటి బాబూ?”

“లేదు. వచ్చినా వెళ్లను.”

“సెట్లొద్దంటావు, ఎల్లనంటావు. మరి దేనికుంటావు?”

“నిన్న బిందు ఒక లెక్కని నేను చెప్పని దారిలో చేసి చూపించింది. రాత్రంతా అదే ఆలోచిస్తున్నాను. ఇలాంటి పిల్లల్ని వదిలి ఏ ఊరు పోతానమ్మా?”

బొడ్డమ్మకి కన్నీళ్లు ఆగలేదు. ఇంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు. అలాగని మాస్టార్ల మాట మీద చెట్లు వెనక్కి పుచ్చుకునేంత వెర్రిదీ కాదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

“సంతోసం బాబూ. దాని తమ్ముడింకా నాలుగులో ఉన్నాడు. ఆడు గట్టెక్కేదాకా సెట్లు నీకాడే ఉండనీ. కాపలాకి నానున్నాను,” అంది.