మేస్త్రి చెవులు వెనక సీట్లో

పనితనానికి వయసు అడ్డురాదంటారు. అన్నవాళ్లెవరూ చెవుడు వచ్చిన మెకానిక్ పక్కన కూర్చుని ప్రయాణం చేసి ఉండరు. మా వీధి చివరి షెడ్డులో పాతకార్లు బాగుచేసే మేస్త్రికి ఇంజన్ శబ్దమే నాడి. ఆ నాడి కొన్నాళ్లుగా అందడం లేదు. మనుషుల మాటైతే పెదాలు చూసి పట్టేస్తాడు. ఇంజన్‌కు పెదాలుండవు.

అందుకని బండిని రోడ్డు మీద పరీక్షించే రోజున భార్యను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఎవరైనా అడిగితే రేడియేటర్‌కు నీళ్ల డబ్బా పట్టుకోవడానికని చెప్పేవాడు. ఆమె విన్నది విన్నట్టు చెప్పేది. "గిన్నె మీద మూత అదురుతున్నట్టుంది." "ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టుంది, అచ్చం మీ అన్నయ్యలా." ఆ మాటలను బట్టి అతడు వాల్వులు సర్దేవాడు, సైలెన్సర్ బిగించేవాడు.

ఈసారి వచ్చింది గదంత కారు. సీట్లకు తోలు, తలుపులకు నగిషీ చెక్క. కొత్త బండ్లన్నీ కంప్యూటరున్న షెడ్లకు పోతుంటే మేస్త్రి చేతిలో మిగిలిన పని ఇదొక్కటే. దీన్ని సవ్యంగా అప్పగిస్తే తన మిగతా పాతకార్లూ ఇస్తానన్నాడు ఓనరు. తీరా పరీక్ష నాడు "నేనూ వస్తా" అంటూ వచ్చి ముందు సీట్లో బైఠాయించాడు. నీళ్ల డబ్బాతో సహా చెవులు వెనక సీట్లోకి వెళ్లాయి.

ఎత్తు ఎక్కుతుండగా మొదటిసారి ఆగింది. వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైంది. తడిగుడ్డ చుట్టాడు, కదిలింది. ఇంకొంత దూరం పోయాక చక్రం దగ్గర పొగ. బ్రేకు పట్టుకుని వదలడం లేదు. దాన్నీ వదులు చేశాడు. కంటికీ ముక్కుకీ అందే రోగాలకు అతడు ఇప్పటికీ ఘనవైద్యుడే.

"పాతబండి కదండీ, కాస్త అలుగుతుంది."

"అలిగితే పర్లేదు మేస్త్రీ, దారిలో కాపురం పెట్టకూడదు," అన్నాడు ఓనరు.

తిన్నటి రోడ్డు మీద వేగం పెంచగానే ఇంజన్ అడుగున టకటక మొదలైంది. పాతబండి లక్షణమే కాబోలనుకున్నాడు ఓనరు. ఆమె అనుకోలేదు. భర్త భుజం తట్టింది. "దగ్గరకొచ్చేశాంలే," అన్నాడతడు. గిల్లింది. "ఉక్కగా ఉంటే అద్దం దించుకో," అన్నాడు. నోరు విప్పితే మొగుడి గుట్టు రట్టు. విప్పకపోతే ఇంజన్ ముక్కలు. టకటక కాస్తా దబదబ అయింది.

"ఆపవయ్యా! లోపలెవరో సుత్తితో బాదుతున్నారు!" అని వెనకనుంచి అరిచింది.

ఆపాడు. ఆయిల్ గేజి తీసి చూస్తే నూనెలో లోహపు రజను మెరుస్తోంది. లోపల బేరింగ్ అరిగిపోయింది. ఇంకాస్త పోయి ఉంటే ఇంజన్ బద్దలయ్యేదే.

"వెనకున్న ఆవిడకి వినబడింది, నీకు వినబడలేదా?" అన్నాడు ఓనరు.

మేస్త్రి ఆ పెదాలు చూశాడు. గేజిని మళ్లీ లోపలికి దించాడు.

ఓనరు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే మొహం మీదే తిట్టేవాడు. ఇతడు తల తిప్పుకుని, బానెట్‌లోకి చూస్తూ, మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?" భార్యనడిగాడు మేస్త్రి.

ఆమె తలొంచుకుని గొణిగింది.

"ఏంటే, సరిగ్గా చెప్పు."

చెవిటివాడికి మెత్తగా చెప్పే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. రోడ్డంతా వినేలా చెప్పింది. "బండి వేరేవాళ్లకిస్తారట! మిగతావి కూడా! నీకు చెవులు పనిచెయ్యట్లేదట!"

సైకిల్ మీద పోతున్నవాడు కాలు ఆన్చి చూశాడు.

"అంత అరవకే," అన్నాడు మేస్త్రి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "వినబడింది."