మంచం కింద ఇటుకలు

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బుడమేరు పొంగిన ఏడు మేము విజయవాడ శివారులో ఒక పల్లపు కాలనీలో, కింది వాటాలో అద్దెకున్నాం. మా ఆయన వయసంతా మగ్గం మీదే గడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మంచం దిగలేరు. ఇంట్లో నేనూ, కోడలూ. కొడుకు లారీతో సహా హనుమాన్ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోయాడు.

పొద్దున్నే గుమ్మం దాటి నీళ్ళొచ్చాయి. అంబులెన్సుకి ఫోను చేస్తే, "దారి లేదమ్మా, బోటు వస్తుంది, కంగారుపడకండి" అన్నారు. నమ్మాం.

నమ్మి, మంచం కోళ్ళ కింద ఒక్కో ఇటుకా పెట్టాం. ఇటుక మునిగింది. ఇంకోటి పెట్టాం. అదీ మునిగింది. ఆ పూటంతా అదే పని. మెట్ల దాకా నీళ్ళు పాదాల లోతే ఉన్నప్పుడే మనిషిని పైకి చేర్చాలని ఒక్కరికీ తట్టలేదు. బోటు వస్తుందిగా!

మధ్యాహ్నానికి నీళ్ళు నవారును తాకాయి. మంచం ఊగింది.

"మొత్తానికి పడవెక్కించావే," అన్నారాయన. కోడలు మంచం పట్టె పట్టుకుంది. అది చూసి, "మీరిద్దరూ పైకి పోండి," అన్నారు.

"నోర్మూసుకోండి," అన్నాను.

పై వాటాలో ఆటోనగర్ మెకానిక్ ఒకతను ఉండేవాడు. కేకేస్తే దిగొచ్చాడు. "పిన్నిగారూ, బాబాయిగార్ని భుజాన వేసుకుంటా," అన్నాడు. మెట్లు బయట, ఇరుకు. ఈయన బరువు మనిషి. కాలు జారితే ఇద్దరూ పోతారు. జోలె కట్టి మోద్దామన్నాను.

కోడలు బీరువాలోంచి పట్టుచీర తీసింది, గట్టిగా ఉంటుందని.

"అది కాదమ్మా," అన్నారాయన. "పట్టు తడిస్తే బలం తగ్గుద్ది. నూలుది తే. నూలు తడిసేకొద్దీ బిగుసుద్ది."

ఆయన నేసిన చీరే మడతలు వేసి ఒంటి కిందికి తోశాం. కొసలు ముడేశాం. తల వైపు మెకానిక్, కాళ్ళ వైపు మేమిద్దరం. ఎక్కడ చిరుగుతుందోనని చీర వంకే చూస్తూ మెట్లెక్కాను.

"చీర చిరగదులే, నీ చేతులు చూసుకో," అన్నారు.

పైకి చేర్చాం. బోటు మర్నాడు మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. మా సందులోకి రాలేదు.

ఇటుకల మీద నానిన ఆ పూట నెమ్ముగా ఆయన ఊపిరితిత్తుల్లోకి దిగింది. దసరా చూడలేదు.

ఆ చీర ఉతికి, ముడులు విప్పకుండా, మెట్ల పక్కన మేకుకి తగిలించాను. ఎదురింట్లో మోకాళ్ళు పనిచేయని పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. మొన్న వానాకాలంలో మబ్బు కమ్మగానే నేనూ, కోడలూ, మెకానిక్కూ చీర పట్టుకుని వెళ్ళాం.

"చినుకైనా పడలేదు కదే! నేనేమన్నా పెళ్ళికూతుర్నా, పల్లకీ ఎక్కడానికి?" అంది.

"పడ్డాక మాట్లాడుకుందాం. ముందు ఎక్కండి, వదినగారూ."

మోసుకొచ్చి మా మేడ మీద కూర్చోబెట్టాం. ఆ రోజు వాన పడనే లేదు. ఆవిడ సాయంత్రం దాకా నన్ను తిడుతూ వత్తులు చేసుకుంది. నేను పక్కనే కూర్చుని విన్నాను.