ఏడు ఒకట్లు, మధ్యలో ఒక తొంభై ఒకటి

మా చిన్నప్పుడు... వరంగల్ కొత్తవాడ బడిలో, ఏడో తరగతి లెక్కల సార్ బోర్డు నిండా ఏడు ఒకట్లు రాశారు. 1111111.

"దీన్ని, ఒకటి గాకుండ, రెండు సంఖ్యల గుణకారంగ విడగొట్టినోణ్ణి హనుమకొండ హాస్టల్ బడికి నేనే తోల్కపోత" అన్నారు.

ఇంట్లో చెబితే బాపు మగ్గం ఆపకుండానే అన్నాడు... "సార్ తోల్కపోతె సదువు. లేకుంటె దసరా ఎల్లంగనే మగ్గం గుంటల కూసో."

అంతే... ప్రధాన సంఖ్యల జాబితా సొంతంగా రాసుకున్నాను. బాపుకు నూలు కండెలు చుట్టి ఇచ్చి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కదానితో భాగించేవాణ్ణి. ఏడుతో... ఒకటి మిగిలింది. పదకొండుతో... ఒకటే. పదమూడుతో... మళ్లీ ఒకటే. ఇరవై రోజులు! 239 దగ్గర శేషం సున్నా. 239 × 4649. నమ్మలేక మూడుసార్లు గుణించి చూసుకున్నాను.

మర్నాడే నాకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. గడప దాటకూడదు. నా పక్కన కూర్చునే సాంబయ్య వస్తే, అమ్మ చేత కాగితాలు ఇప్పించాను.

"సార్‌కియ్యిరా... నేను జేసిన్నని జెప్పు."

"ఫికర్ జెయ్యకు. గదొక పనా?" అన్నాడు.

నేను తేరుకుని బడికి వెళ్లేసరికి సాంబయ్య హనుమకొండలో ఉన్నాడు. నా కాగితాలను తన చేతిరాతలో ఎత్తి రాసి ఇచ్చాడట.

"సార్, అది నేను జేసిన... 239 ఇంటు 4649."

సార్ నవ్వారు. "విడగొట్టినంక గుణించుడు ఎవ్వనికైన అల్కగనే ఉంటదిరా. బడంత తెల్సినంక నువ్వొచ్చి జెప్తున్నవ్."

నిజమే... పెద్ద సంఖ్యల గుణమే అంత. విడగొట్టడానికి ఇరవై రోజులు, కలపడానికి ఒక్క నిమిషం. విడగొట్టింది ఎవరో దాని ముఖం చూసి చెప్పలేం.

దసరా వెళ్లింది. గుంటలో కూర్చున్నాను... నలభై ఏళ్లు.

నేస్తూనే గ్రంథాలయంలోని లెక్కల పుస్తకాలన్నీ చదివాను. అప్పుడు తెలిసింది, ప్రధాన సంఖ్యలనుకుని నా జాబితాలో 91ని కూడా కలిపేశానని. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి! ఏడుతోనే తెగనిది తొంభై ఒకటితో ఎలా తెగుతుంది? దండగ భాగాహారం... ఒంటరిగానే సిగ్గుపడ్డాను.

మొన్న, లెక్కల సారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైన సాంబయ్య మా బడి వాట్సాప్ గ్రూపులో అప్పట్లో సార్ దిద్ది తిరిగిచ్చిన పాత కాగితం ఫోటో పెట్టాడు. "నా ఏడో తరగతి కష్టం" అట. దండాలు, పూలదండల బొమ్మలు...

పెద్దది చేసి చూశాను. 89కీ 97కీ మధ్యన... 91, శేషం 1.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడు! సొంత కష్టమైతే ఒక్కసారైనా మళ్లీ చదువుకునేవాడు కదా...

కింద ఒక్క ముక్క రాశాను. "సాంబా, 91తోని ఎందుకు భాగించినవ్‌రా?"

సాయంత్రానికి ఫోటో లేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఏడు ఒకట్లు కొడితే రెప్పపాటులో విడగొట్టేస్తుంది... ఆ ఇరవై రోజులు ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి దొంగిలించేవాడూ లేడు.

మీ ఇరవై రోజులు ఎవరు పట్టుకుపోయారు? రాయండి... మొహమాటపడకండి.