తల్లి పోలిక

నా చిన్నప్పుడు ఎవరు చూసినా నన్ను అచ్చం తల్లి పోలిక అనేవాళ్లు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మాటకు మురిసిపోయేదాన్ని. గర్భసంచి మూతికి క్యాన్సర్ వచ్చి అమ్మ పోయాక అదే మాట వింటే వణుకు పుట్టేది. అమ్మమ్మ పోయింది కూడా ఆ జబ్బుతోనే. గౌడవెల్లిలో మా ఇంటికి పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు, నేను వినడం లేదనుకుని, "గా ఇంటి ఆడోళ్ల రక్తంలనే ఉన్నది రోగం" అని చెప్పుకున్నారు.

ఆ మరుసటి ఎండాకాలం ఒక పొద్దున నా లంగాకు నెత్తురు మరక కనిపించింది. అమ్మ జబ్బు కూడా నెత్తురుతోనే బయటపడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి నాయిన సగమైపోయాడు, ఆయనకెలా చెప్పను? లంగా ఉతికి గడ్డివాము వెనక ఆరేసి, అన్నం మానేసి కూర్చున్నాను. మర్నాడు యాప్రాల్ నుంచి పెద్దమ్మ వచ్చింది. అమ్మకు సొంత అక్క. నా ముఖం చూడగానే తలుపు దగ్గరికి వేసి పక్కన కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది పెద్దమ్మా. నాయినకు చెప్పకు."

సంగతి అర్థమై నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఇది జబ్బు కాదని, ఆడపిల్లలందరికీ వచ్చేదేనని విడమరిచి చెప్పింది. నేను నమ్మలేదు. రక్తంలోనే ఉందటగా అన్నాను. పెద్దమ్మ నా ముఖం తన వైపు తిప్పుకుంది.

"నేను, మీ అమ్మ ఒక్క కడుపుల పుట్టినోళ్లం. నాకు సుత భయమే. అందుకే ఇన్నొద్దులు దవాఖాన దిక్కు పోలే. ఇగ పోత. నువ్వు సుత రా."

పెద్దవాళ్లకూ భయం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సికింద్రాబాద్ దవాఖానలో పెద్దమ్మకు పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంది. నాకు జడ వేస్తూ వేస్తూ ఉన్నట్టుండి చేతులు ఆపేసేది. నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ, గర్భసంచి మూతి దగ్గర మార్పు మొదలైంది గానీ ఇంకా క్యాన్సర్ కాలేదంది. చిన్న ఆపరేషన్‌తో ఆ భాగం తీసేశారు. పెద్దమ్మ మనవళ్ల పెళ్లిళ్లు కూడా చూసింది.

మొన్న కొంపల్లిలో నా మనవరాలికి ఈ జబ్బు రాకుండా టీకా వేయిస్తూ, ఇది రక్తంలోనే ఉంటుందా అన్న ఆ పాత ప్రశ్న అడిగాను. ఈ జబ్బు తెచ్చేది ఒక వైరస్ అని, చాలామంది ఒళ్లు దాన్ని తానే వదిలించుకుంటుందని డాక్టరు చెప్పింది. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల్లో చిన్న చిన్న తేడాల వల్ల కొందరికి అది తొందరగా వదలదట. అలాంటి ఇళ్లలో ముప్పు కాస్త ఎక్కువే కావచ్చు. అంతమాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు.

ఈ జబ్బు కోసం నేను చేయించుకునే పరీక్ష రోజు దగ్గరపడితే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. ఆ సంగతి నా కూతురి దగ్గర దాచను. భయంగా ఉందని చెప్పి, తననూ వెంటబెట్టుకుని వెళ్తాను.