కొండపల్లి క్వారీ చెరువులో ఈల

ముందే చెప్పేస్తున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బుంది. మా ఇంట్లో కనబడ్డ బల్లి, నేను బెంజ్ సర్కిల్ చేరేసరికి ఉడుమవుతుంది. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. అందుకే ఈ సంగతి రాయడం నాకే ఇబ్బందిగా ఉంది.

కొండపల్లి అవతల మూతబడ్డ రాతి క్వారీ ఉంది. ఆ గుంతకు గట్లు కట్టి, నీళ్లు నింపి చెరువు చేశారు. పొద్దున్నే ఊరి జనం చుట్టూ నడుస్తారు. ఆదివారాలు వరద సాయానికి వలంటీర్లను తయారుచేస్తారు. వాళ్లలో యాభై రెండేళ్ల నేనూ ఒకణ్ణి.

కారణం సిగ్గు. మొన్నటి వరదలో మా వీధివాళ్లు నన్ను బిర్యానీ గుండిగలో కూర్చోబెట్టి దాటించారు. మూత పెట్టలేదు, అదే నయమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఈసారి నలుగురిని నేనే దాటించాలి. అందుకు పడవ జట్టులో చోటు కావాలి. చోటు కావాలంటే ఆగకుండా యాభై మీటర్లు ఈదాలి.

పరీక్ష మిట్టమధ్యాహ్నం పెట్టారు. నలభై మీటర్లు తిమింగలంలా ఈదేశాను. ఇంకో పది మీటర్లలో, కొండ అంచు కింద, ముగింపు గుర్తుగా కట్టిన ఎర్ర తాడు. అప్పుడు వినబడింది ఈల. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

గట్టు మీద అన్నం తింటున్న వాచ్‌మన్ యేసురత్నం గారు ముద్ద వదిలేసి లేచారు. క్వారీ నడిచిన రోజుల్లో రాయి పేల్చే ముందు ఆ ఈల ఊదింది ఆయనే. అది వినబడితే చేతిలో పని అక్కడే పడేసి పరుగెత్తడం అక్కడి పద్ధతి.

"వచ్చెయ్యండి సార్. అది మా ఈలే."

కోచ్ విసుక్కున్నాడు. తన ఈల మెడలోనే ఉందట, తను ఊదలేదట, ఆగితే ఫెయిలేనట. నేను వెనక్కి తిరిగాను. గట్టెక్కానో లేదో, కొండ నుంచి లారీ అంత బండ ఊడి సరిగ్గా ఎర్ర తాడు మీద పడింది. నీళ్లు మైలవరం దాకా చిందాయి.

ఆ ఈల పదకొండు మందిమి విన్నాం. యేసురత్నం గారి పాత ఈల ఇంట్లో మేకుకు వేలాడుతోంది. వెళ్లి చూస్తే లోపల సాలెగూడు. మరి ఎవరు ఊదినట్టని అడిగాను.

"ఎవరూదితే ఏంటండీ? ఈల వినబడితే వచ్చెయ్యాలి. ఆలోచించినోళ్లెవరూ క్వారీలో ముసలోళ్లవలేదు."

ఈల నిజం. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. బండ మాత్రం లారీ అంత కాదు, ఫ్రిజ్ అంత. అది పెంచడం. అచ్చంగా కల్పించింది వేరే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. పది మీటర్లే కదా అని తాడు వైపే ఈదాను. యేసురత్నం గారు చొక్కాతోనే దూకి, నా నెత్తిన జుట్టు దొరక్క, చెవి పట్టుకుని గట్టుకు లాక్కొచ్చారు.

పడవ జట్టులో ఆ చోటు ఆయనకిచ్చారు.