ఎడమవైపు ప్యానెల్

మా అన్నకు మోటార్ల పిచ్చి. గన్‌ఫౌండ్రీలో గుమాస్తా పని, ఇంటికొస్తే మోచేతుల దాకా గ్రీజు. డెబ్బైల మొదట్లో ఎక్కడో తుక్కులో పడివున్న చిన్న కారు చట్రాన్నీ ఇంజన్నీ కొనుక్కొచ్చి నాంపల్లిలో మా ఇంటి వాకిట్లో పెట్టాడు. దాని మీద తొడగాల్సిన ఫైబర్‌గ్లాస్ బాడీ బొంబాయి నుంచి ముక్కలు ముక్కలుగా, గడ్డిలో చుట్టి, రైల్లో దిగింది. బాడీ అయితే వచ్చింది గానీ ఆ ముక్కల్ని బిగించే బోల్టులూ క్లిప్పులూ ఉండాల్సిన సంచీ రాలేదు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. పోనీలే, ఊళ్లో దొరకవా అనుకున్నాం.

ఇది షోకు కోసం కట్టిన బండి కాదు. అమ్మకు పక్షవాతం వచ్చి ఒక కాలు కట్టెలా బిగుసుకుపోయింది. మడవడానికి లేదు. రిక్షాలో పట్టదు, టాక్సీ తలుపులోంచి దూరదు, నలుగురు మోసుకుపోతామంటే ఆవిడ ఒప్పుకోదు. ఖైరతాబాద్‌లో చిన్నమ్మ, అంటే అమ్మ సొంత చెల్లెలు, మంచం పట్టి ఉంది. చిన్నమ్మ ఇల్లు కట్టుకున్నప్పుడు ఏదో మాట పట్టింపు వచ్చి అమ్మ గృహప్రవేశానికి వెళ్లలేదు. కోపం తగ్గి వెళ్దామనుకునేసరికి కాలు పోయింది. "అక్క నా గడప తొక్కలే" అని చిన్నమ్మ వచ్చినవాళ్లందరితో అంటోందని మాకు తెలుస్తూనే ఉండేది. అమ్మకు ఇక ఒకటే యావ. చెల్లెలు ఉండగా ఆ గడప తొక్కాలి.

అందుకే అన్న ఎడమవైపు తలుపే పెట్టలేదు. ఆ వైపు ప్యానెల్ మొత్తం ఊడదీస్తే అమ్మ చక్రాల కుర్చీ వచ్చి సీటుకు ఆనుతుంది. అమ్మను కాలు బారజాపి ఉండగానే పక్కకు జరపొచ్చు. ఆ ప్యానెల్‌ను దేనితో బిగించాలన్నదే మా బతుకైపోయింది.

మామూలు నట్టూ బోల్టూ పెడితే ఒకరు లోపల నట్టు పట్టుకోవాలి, ఒకరు బయట తిప్పాలి. ఆ లోపల నక్కి పట్టుకునేదాన్ని నేనే. కాస్త గట్టిగా తిప్పితే చాలు, రంధ్రం చుట్టూ ఫైబర్ పటపటమని పగిలేది. చేత్తో తిప్పే రెక్కల నట్లు తెచ్చాడు. ఇంజన్ వణుకుకు అవి దారిపొడుగునా రాలిపోయాయి. అబిడ్స్‌లో ట్రంకుపెట్టెల దుకాణం నుంచి పెట్టెలకు వేసే కొక్కేలు తెచ్చినప్పుడు మాత్రం, వేలితో లేపితే తెరుచుకుంటున్నాయని మురిసిపోయాం. మొజంజాహీ మార్కెట్ మలుపు తిరిగేసరికి అవి వేలు అక్కర్లేకుండానే తెరుచుకున్నాయి. ప్యానెల్ పోయి పళ్ల బండ్ల మధ్య పడింది. అదృష్టం, అప్పుడు బండిలో ఉన్నది అమ్మ కాదు, నేను. నా పరువు సంగతి ఎవరిక్కావాలి!

చివరికి నట్లను లోపలివైపు ఫైబర్‌లోనే, గట్టిపడే రెజిన్ జిగురు పోసి పాతేశాడు. ఇక బయటినుంచి ఒక్క స్పానర్ చాలు. బోల్టు తల కింద రబ్బరు వాషర్ వేశాడు. "చేత్తో బిగించాలె, ఆ మీద గింతే" అని మణికట్టు కొంచెం తిప్పి చూపించేవాడు. బాగా కుదిరింది. వాకిట్లో అమ్మను ఎక్కించీ దించీ చూశాం. ఆ రోజు ఆవిడ చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నది.

కానీ మార్కెట్ దగ్గర ప్యానెల్ పడిన సంగతి గల్లీ అంతా ఎరుగును. బయలుదేరే పొద్దున అమ్మను కూర్చోబెట్టి బోల్టులు బిగించగానే ఒక్కొక్కరే వచ్చారు. మా గల్లీవాళ్లు మంచివాళ్లు, అదే మా ఖర్మ.

"స్పానర్ ఇటియ్యి. పెద్దమ్మ కూసున్నది, జర గట్టిగుండాలె" అని పక్కింటాయన ఒక చుట్టు. "గట్లనా బిగించేది?" అని ఎదురింటాయన ఇంకో చుట్టు.

"చాలే కాకా, పల్గుతది" అని అన్న బతిమాలుతుంటే, "నువ్వు ఊకో, నీకు తెల్వది" అన్నారు. అందరూ అన్నకంటే పెద్దవాళ్లు. ఎవరి చెయ్యి పట్టుకుని లాగుతాం?

ఖైరతాబాద్‌లో చిన్నమ్మ గేటు ముందు ఆగాం. ఆవిడ మంచం కిటికీ పక్కనే. "అక్కొచ్చిందా?" అన్న గొంతు వినిపించింది. అమ్మ కొంగు సర్దుకుంది. అన్న స్పానర్ పెట్టి తిప్పాడు. బోల్టు తిరిగింది, తిరుగుతూనే ఉంది, బయటికి మాత్రం రాదు. పాతిన నట్టు ఫైబర్‌ను వదిలేసి బోల్టుతో పాటే తిరుగుతోంది. పక్కదీ అంతే. నేను అటువైపు నుంచి లోపలికి దూరి పట్టుకోబోయాను గానీ రెజిన్ కింద ఉన్న నట్టు వేళ్లకు ఎక్కడ చిక్కుతుంది? స్టీరింగ్ ఉన్న వైపు నుంచి అమ్మను ఆ కాలితో దించలేం.

"లోపలికి రా అక్కా" అంది చిన్నమ్మ. కాసేపటికి, "దిగవా?" అంది. తర్వాత పిలవడం మానేసింది.

నేను లోపలికి పరుగెత్తి, బోల్టు ఊడిరావడం లేదనీ అమ్మ దిగలేకపోతోందనీ చెప్పాను. చిన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గిట్ల చెప్పుమని మీ అమ్మ నేర్పిందా బిడ్డా?" అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏ బోల్టు తెచ్చి చూపిస్తే నమ్ముతుంది?

అన్న వీధిలో ఎవరినో అడిగి హాక్సా బ్లేడు తెచ్చాడు. అన్ని నెలలు తీర్చిదిద్దిన ప్యానెల్‌ను తానే కోయసాగాడు. అది ఒక పట్టాన తెగలేదు. తెల్లటి పొడి అమ్మ జుట్టులో, కనురెప్పల మీద పడుతుంటే ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఎండ నెత్తి మీదికొచ్చాక ఆ వైపు ఊడి పడింది. అమ్మను బండి వెనక కట్టి తెచ్చిన కుర్చీలోకి జరిపి లోపలికి తోశాం. గడప దగ్గర ఆపమని, బాగున్న కాలు తానే దాని మీద మోపింది.

చిన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మనసు వచ్చేటందుకు ఇంతసేపా అక్కా?" అంది, తిరగకుండానే.

నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డ అన్నను ఒకసారి చూసింది. తర్వాత చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఔ చెల్లె. రాబుద్ధి గాలే. ఇప్పుడొచ్చిన."